పరిగెత్తే రోజుకి కాదు, నిలబడే రోజులకి బ్యాటరీ

(ట్రాక్ డ్రైవింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినపడుతోందా? సరే.

మొదలుపెట్టే ముందు ఒక మనవి. బయట వేపచెట్టు కింద నా స్విఫ్ట్ ఉంది, వచ్చేటప్పుడు చూసే ఉంటారు. బోనెట్ ఎత్తి ఉంది, డ్రైవర్ డోర్ తీసి ఉంది. ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లేవాళ్లు దయచేసి ఆ డోర్ ముట్టుకోకండి. బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, మధ్యలో మల్టీమీటర్ కలిపి వచ్చాను. డోర్ లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసేశాను కాబట్టి డోర్ వేసే ఉందని బండి అనుకుంటోంది. దాని కంప్యూటర్లన్నీ పూర్తిగా నిద్రపోవడానికి అరగంట పైనే పడుతుంది. ఇదంతా ఎందుకో చివర్లో అందరం వెళ్లి చూద్దాం.

ఇవాళ నన్ను మాట్లాడమన్నది ట్రాక్ కారుకి తేలికపాటి బ్యాటరీ గురించి. ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి. ఫోన్ చేసి అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఎన్ని కిలోలు తగ్గుతుంది?" అడగాల్సిన ప్రశ్నే. కానీ అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది ఇంకొకటి ఉంది. మీ బండి నెలలో ఎన్ని రోజులు కదలకుండా నిలబడి ఉంటుంది?

ఒకసారి ఆలోచించండి. మన దగ్గర నుంచి చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి ఆరువందల కిలోమీటర్ల పైమాటే. కోయంబత్తూర్ కరి స్పీడ్‌వే ఇంకా దూరం. ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తాం? నాలుగుసార్లు వెళ్తే గొప్ప. మిగతా రోజులన్నీ బండి ఎక్కడుంటుంది? కవర్ కప్పుకొని అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోయేది ట్రాక్ మీద కాదండి, ఆ సెల్లార్లో. ట్రాక్ మీద అది చచ్చిపోయిందని మనకి తెలుస్తుంది, అంతే.

ఇంజిన్ స్టార్ట్ చేయడానికి బ్యాటరీలోంచి నిజంగా ఎంత పోతుంది? లెక్క వేద్దాం. 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్ సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 150 యాంప్స్ తీసుకుంటుంది అనుకుందాం. రెండు సెకన్లలో ఇంజిన్ అందుకుంటుంది. 150 ఇంటూ రెండు, 300 యాంప్ సెకన్లు. దాన్ని 3600తో భాగిస్తే 0.08 యాంప్ అవర్. (ఒక యాంప్ కరెంటుని గంటసేపు ఇచ్చేంత నిల్వే ఒక యాంప్ అవర్.) అంటే పదిసార్లు సెల్ఫ్ కొట్టినా ఒక యాంప్ అవర్ కూడా ఖర్చు కాదు. మరి బండిలో 35 యాంప్ అవర్ బ్యాటరీ ఎందుకు పెట్టారు? స్టార్ట్ చేయడానికి కాదు. మీరు లైటు ఆపడం మర్చిపోయినా, ఊరెళ్లి ఇరవై రోజులకి వచ్చినా బండి లేవాలని పెట్టారు. తేలిక బ్యాటరీ కొన్నప్పుడు మనం తీసేస్తున్నది ఆ నిల్వని. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ సులువు.

ఇప్పుడు బరువు గురించి. నా స్విఫ్ట్‌లో ముందు ఉన్న 35 యాంప్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీని తూకం వేస్తే 9 కిలోల చిల్లర వచ్చింది. చాలామంది మొదట వెళ్లేది చిన్న ఏజీఎం బ్యాటరీకి. అదీ సీసమే, కాకపోతే లోపల యాసిడ్ ద్రవంలా ఊగిసలాడదు, గాజునార పొరల్లో పీల్చుకొని ఉంటుంది. పక్కకి పడుకోబెట్టినా కారదు. రేసు బండ్లలో దశాబ్దాలుగా పేరున్న ఒడిస్సీ పీసీ680 ఉంది కదా, దాని బరువు 7 కిలోలు, నిల్వ 16 యాంప్ అవర్. జర్మన్ బండి ఉన్నవాళ్లకి ఇది మంచి బేరం. ఎందుకంటే వాళ్ల బండిలో 60, 70 యాంప్ అవర్ బ్యాటరీ 15 నుంచి 18 కిలోలు ఉంటుంది, దాంట్లో సగానికి పైగా తగ్గుతుంది. కానీ నా స్విఫ్ట్‌కి? 9 నుంచి 7. రెండు కిలోల కోసం సగం నిల్వ పోగొట్టుకోవడం. అది నాకు బేరంగా అనిపించలేదు. ఇక్కడున్న చిన్న హ్యాచ్‌బ్యాక్ వాళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోండి, ఎందుకంటే విదేశీ వీడియోల్లో చెప్పే "పది కిలోలు తగ్గింది" అన్న మాట మన బండికి వర్తించదు.

ఆ పది కిలోల మాటకి ఒక ఉదాహరణ కూడా చెప్తాను. పోర్షె కంపెనీ 2010లో 911 జీటీ3, జీటీ3 ఆర్ఎస్, బాక్స్‌టర్ స్పైడర్ బండ్లకి లిథియం స్టార్టర్ బ్యాటరీని ఆప్షన్‌గా ఇచ్చింది. ఆరు కిలోల లోపు, మామూలు 60 యాంప్ అవర్ బ్యాటరీ కంటే పది కిలోలు తక్కువ. నిల్వ ఎంతో తెలుసా? 18 యాంప్ అవర్. ఇంకో సంగతి వినండి. ఆ బ్యాటరీ కొన్నవాళ్లకి మామూలు లెడ్ బ్యాటరీ కూడా జతగా ఇచ్చారు, చలికాలంలో మార్చుకోమని. బండి తయారుచేసిన కంపెనీయే రెండోది చేతిలో పెట్టి పంపిందంటే, తేలిక బ్యాటరీ అన్ని రోజులకీ, అన్ని పనులకీ సరిపోదని వాళ్లకి తెలుసు.

మరి లిథియం అంటే ఏ లిథియం? ఫోన్లో ఉండేది కాదు. స్టార్టర్ బ్యాటరీల్లో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. టెక్సాస్ యూనివర్సిటీలో గుడెనఫ్ గారి బృందం దీని మీద 1997లో పేపర్ వేసింది. ఆ పేపర్ మీద పేర్లు చూడండి: పాధి, నంజుండస్వామి, గుడెనఫ్. మన దేశపు పేర్లు ముందున్నాయి, చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. గుడెనఫ్ గారికి 2019లో నోబెల్ వచ్చింది. ఈ రసాయనం బండికి ఎందుకు మంచిదంటే, ఇందులో ఆక్సిజన్‌ని ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకొని ఉంటుంది. వేడెక్కినా తొందరగా వదలదు. ఆక్సిజన్ బయటికి రాకపోతే మంట అంత సులువుగా అంటుకోదు. అంటుకోనే అంటుకోదని కాదు, మిగతా లిథియం రకాల కంటే చాలా నయం. రెండో కారణం, నాలుగు సెల్స్ వరసగా పెడితే 12.8 వోల్టులు వస్తుంది, మన 12 వోల్టుల బండికి సరిగ్గా సరిపోతుంది.

కొనేటప్పుడు ఒక్కటి బాగా చూడండి. డబ్బా మీద "36 ఏహెచ్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, పక్కన చిన్నగా "లెడ్ ఈక్వివలెంట్" అని ఉంటుంది. అంటే ఏమిటి? సెల్ఫ్ తిప్పే శక్తిలో ఇది 36 యాంప్ అవర్ లెడ్ బ్యాటరీతో సమానం అని. అసలు నిల్వ దాంట్లో మూడోవంతు, 12 యాంప్ అవర్ ఉంటుంది. సెల్ఫ్ విషయంలో ఆ మాట నిజమే, అబద్ధం లేదు. కానీ బండి నిలబడి ఉన్నప్పుడు లెక్కలోకి వచ్చేది అసలు నిల్వే. అసలు యాంప్ అవర్ ఎంత, లేదా ఎన్ని వాట్ అవర్స్ అని అడగండి. వాట్ అవర్స్ చెప్తే 12.8తో భాగించండి. చెప్పని అమ్మకందారు దగ్గర కొనకండి.

అలాగే యూపీఎస్‌లో వేసే 7 యాంప్ అవర్ బ్యాటరీ పెట్టేవాళ్లని చూశాను, విడి సెల్స్ తెచ్చి టేప్ చుట్టి ప్యాక్ కట్టించుకున్నవాళ్లని చూశాను. వద్దండి. మొదటిది నిదానంగా కరెంటు ఇవ్వడానికి చేసింది, సెల్ఫ్ కోసం కాదు. రెండోదాంట్లో సెల్స్‌ని కాపాడే బీఎంఎస్ బోర్డు 150 యాంప్స్ తట్టుకుంటుందో లేదో కట్టినవాడికి కూడా తెలియదు. మీరు ఆ బండిలో బెల్టు బిగించుకొని కూర్చుంటారు, అది గుర్తుపెట్టుకోండి.

నాకు జరిగింది

నా మొదటి లిథియం బ్యాటరీ అసలు నిల్వ 10 యాంప్ అవర్. బరువు రెండు కిలోలు కూడా లేదు, ఒక చేత్తో ఎత్తితే చిన్నపిల్లల టిఫిన్ క్యారియర్‌లా ఉంది. దాంతో ఇరుంగాట్టుకోట్టై వెళ్లాను. ఏప్రిల్ నెల. ఉదయం మొదటి సెషన్ బాగా జరిగింది. లోపలికి వచ్చి ఇంజిన్ ఆపాను. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఐదారు నిమిషాలు. పది యాంప్స్ వేసుకున్నా ఒక యాంప్ అవర్ పోయింది. తర్వాత టైర్లలో గాలి సరిచేద్దామని బండి సాకెట్‌కే పంపు తగిలించాను. నావి నాలుగు టైర్లు, పక్కబండి తమ్ముడు అడిగాడు, వాడివి నాలుగు. అవన్నీ అయ్యేసరికి ఇరవై ఐదు నిమిషాలు. పంపు 12 యాంప్స్ తీసుకుంటుంది. ఐదు యాంప్ అవర్ పోయింది. ల్యాప్ టైమర్, ఫోన్ ఛార్జింగ్ గంటసేపు, ఇంకో రెండు. మొత్తం ఎంత? ఎనిమిది. అసలు ఉన్నదే పది, అదీ పొద్దున నిండుగా లేదు.

రెండో సెషన్‌కి పిలిచారు. తాళం తిప్పితే డాష్‌బోర్డ్ మీద ఒక్క లైటు లేదు. లెడ్ బ్యాటరీ అయితే ముందుగా హెచ్చరిస్తుంది కదా, సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, లైట్లు మసకబారతాయి. ఇది అలా కాదు. చివరి దాకా వోల్టేజి గట్టిగా నిలబడి, ఒక్కసారిగా బీఎంఎస్ కట్ చేసేసింది. మీటర్ పెడితే సున్నా. తోసి స్టార్ట్ చేద్దామన్నారు నలుగురు. ఎలా అవుతుంది? ఇంజిన్‌కి పెట్రోల్ అందించే పంపుకి కరెంటు లేదు, ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ని మేల్కొలపడానికి కూడా కరెంటు లేదు.

ఇంకో బండి నుంచి జంపర్ కేబుల్ వేసి స్టార్ట్ చేశాం. నేను చేసిన అసలు తప్పు ఇప్పుడు చెప్తున్నాను, వినండి. స్టార్ట్ అయింది కదా అని అలాగే సెషన్‌కి వెళ్లిపోయాను. ఖాళీ అయిన లిథియం బ్యాటరీ దాహంతో ఉన్నట్టు కరెంటు లాగుతుంది. లెడ్ బ్యాటరీ లోపలి నిరోధం వల్ల కాస్త కాస్త తీసుకుంటుంది, లిథియం అలా కాదు, ఆల్టర్నేటర్ ఎంత ఇవ్వగలిగితే అంతా ఒక్కసారే లాగుతుంది. అది కూడా ఎలాంటప్పుడు? ఏప్రిల్ ఎండలో, ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర, వేడెక్కిన ఇంజిన్ పక్కన. సాయంత్రం తిరుగు ప్రయాణంలో నాయుడుపేట దాటాక బ్యాటరీ లైటు వెలిగింది. గూడూరులో ఒక ఎలక్ట్రీషియన్ ఆల్టర్నేటర్ విప్పి చూపించాడు. రాగి చుట్లు వార్నిష్ కాలి నల్లబడి ఉన్నాయి. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం, ఇంట్లో వాళ్లకి టెన్షన్.

కాబట్టి లిథియం పూర్తిగా దిగిపోతే ఆల్టర్నేటర్‌తో నింపకండి. బయట ఛార్జర్‌తో ముందు నింపి అప్పుడు బండికి కలపండి. ట్రాక్‌కి వెళ్లేటప్పుడు చిన్న లిథియం ఛార్జర్ ఒకటి వెంట ఉండాలి. పంపు, ల్యాప్ టైమర్, ఫోన్ ఛార్జింగ్ లాంటివి బండి బ్యాటరీతో నడపకండి. వాటికి వేరే బ్యాటరీ ఒకటి డిక్కీలో పెట్టుకెళ్లి పాడాక్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపుకునే చోట, దించేయండి. ఇప్పుడు నేను చేస్తున్నది అదే. బండిలో ఉన్నది అసలు నిల్వ 20 యాంప్ అవర్ ఉన్న లిథియం, మూడు కిలోల లోపు. పాతదానికంటే ఆరు కిలోలు తక్కువ. ఇంకో కిలో తగ్గించవచ్చు కదా అంటారు. తగ్గించను.

ఆరు కిలోలతో ల్యాప్ టైమ్ ఎంత తగ్గుతుంది? బండి సుమారు తొమ్మిదిన్నర క్వింటాళ్లు, దాంట్లో ఆరు కిలోలు అంటే వందలో ఒక వంతు కూడా కాదు. దీనికంటే ముందు స్టెప్నీ, జాకీ, వెనక సీటు పాడాక్‌లో దించండి, అది పైసా ఖర్చు లేని పని. అవన్నీ చేశాక బ్యాటరీ గురించి ఆలోచించండి.

ఎక్కడ, ఎలా బిగించాలి

కొంతమంది బరువు వెనక్కి జరగాలని బ్యాటరీని డిక్కీలోకి మారుస్తారు. ఆలోచన మంచిదే. కానీ కేబుల్ లెక్క వేశారా? డిక్కీ నుంచి సెల్ఫ్ దాకా ఐదు మీటర్లు. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే, ఒక్క రాగే 2.2 కిలోల పైన ఉంటుంది. ఆరు కిలోలు తగ్గించి రెండు కిలోల పైన మళ్లీ ఎక్కించాం. సన్నది వేస్తే? సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజి పడిపోతుంది, కేబుల్ వేడెక్కుతుంది. పైగా బండి పొడవునా వెళ్లే ఆ పాజిటివ్ తీగ ఎక్కడ బాడీకి ఒరుసుకున్నా మంటే. చిన్న బండిలో తేలిక బ్యాటరీని ఉన్నచోటే ఉంచమని నా సలహా.

బిగింపు గురించి మాత్రం రాజీ పడొద్దు. బ్యాటరీ తేలికైంది కదా అని ప్లాస్టిక్ టైలతో కట్టినవాళ్లని చూశాను. గోడకి తగిలినప్పుడు మూడు కిలోలది కూడా ఇటుకలా ఎగురుతుంది. ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఎ వాళ్ల అపెండిక్స్ జె నిబంధన చదవండి: ఇనుప పీఠం, ఇన్సులేషన్ ఉన్న రెండు లోహపు క్లాంపులు, కనీసం 10 మిల్లీమీటర్ల బోల్టులు, వాటి కింద 3 మిల్లీమీటర్ల మందం, 20 చదరపు సెంటీమీటర్ల ప్లేటు. మనం ట్రాక్ డేకి వెళ్లేవాళ్లం, మనల్ని ఎవరూ అడగరు. అడగకపోయినా అలాగే చేయండి. పాజిటివ్ టెర్మినల్ మీద రబ్బరు తొడుగు తప్పనిసరి. తేలిక బ్యాటరీ చిన్నది కాబట్టి పాత పెట్టెలో ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీని స్పాంజితో నింపకండి, కొలిచి బ్రాకెట్ చేయించండి.

ప్రమాదం జరిగితే బండి కరెంటంతా ఆపే కటాఫ్ స్విచ్ ఉన్నవాళ్లు ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ నడుస్తుండగా... వద్దు, నన్ను సరిగ్గా చెప్పనివ్వండి. బ్యాటరీ తీగని మాత్రమే తెంపే రెండు టెర్మినల్స్ స్విచ్ అయితే, దాన్ని తిప్పినా ఇంజిన్ ఆగకపోవచ్చు. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటుతోనే నడుస్తూ ఉంటుంది. పైగా మధ్యలో బ్యాటరీ లేకపోయేసరికి వోల్టేజి ఎగిరి ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, కాలిపోవచ్చు. అందుకే ఆరు టెర్మినల్స్ స్విచ్ ఉంటుంది. అది ఇగ్నిషన్‌ని కూడా తెంపుతుంది, ఆల్టర్నేటర్‌లో మిగిలిన కరెంటుని రెసిస్టర్ మీదుగా బాడీకి పంపేస్తుంది. మీ స్విచ్ వెనక ఎన్ని తీగలున్నాయో ఇంటికెళ్లి లెక్కపెట్టండి. రెండే ఉంటే దాంతో ప్రయోగాలు చేయకండి, మార్పించండి. బయట దాని గుర్తు నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు, అది ఎవరికైనా కనపడేలా ఉండాలి.

లిథియం పెట్టే ముందు ఆల్టర్నేటర్ వోల్టేజి చూడండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర 13.8 నుంచి 14.6 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు వేసి, ఆపి, 2500 ఆర్‌పీఎం దగ్గర కూడా చూడండి. 14.8 దాటితే ఆ వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ సంగతి తేల్చేదాకా లిథియం వద్దు. కొత్త బండ్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటుంది, పెట్రోల్ ఆదా కోసం వోల్టేజిని 13 కిందికి కూడా దించుతుంది. లిథియం నిండుగా ఉన్నప్పుడు తనే 13.3 ఉంటుంది. మరి 12.8 ఇచ్చే ఆల్టర్నేటర్ దాన్ని ఎలా నింపుతుంది? నింపదు. బండి నడుస్తున్నా బ్యాటరీ దిగిపోతూ ఉంటుంది. అలాంటి బండికి మంచి ఏజీఎం పెట్టుకోండి, హాయిగా ఉంటారు.

సంరక్షణ అంటే పెద్ద పనేం కాదు, మీటర్ చూడటం అలవాటు చేసుకోవాలి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక కొలవాలి. ఏజీఎం అయితే 12.8 నిండు, 12.5కి వస్తే ఛార్జింగ్‌కి పెట్టండి. 12 కింద వారాలపాటు వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, మళ్లీ కోలుకోదు. లిథియం అయితే మన అలవాటు మార్చుకోవాలి. 12.8 చూసి "నిండుగా ఉంది" అనుకుంటాం, కాదు, లిథియంకి 12.8 అంటే అడుగంటినట్టే. 13.1కి వచ్చిందంటే ఛార్జ్ చేయండి. ఛార్జర్ లిథియంది అయి ఉండాలి. పాత ఛార్జర్లలో డీసల్ఫేషన్ అని ఒక మోడ్ ఉంటుంది, 15, 16 వోల్టులు కొడుతుంది, అది లెడ్ బ్యాటరీకి మందు, లిథియంకి విషం.

వేడి. పోర్షె వాళ్లు చలికి భయపడ్డారు, మనం వేడికి భయపడాలి. బండి పరిగెడుతున్నప్పుడు కాదు, ఆపాక. గాలి ఆగిపోతుంది, ఎగ్జాస్ట్ వేడంతా బోనెట్ కింద నిలబడుతుంది. లోపలికి రాగానే బోనెట్ ఎత్తండి. బ్యాటరీకీ ఎగ్జాస్ట్‌కీ మధ్య హీట్ షీల్డ్ పెట్టండి. పెట్టె ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జ్ చేయకండి, ఇంట్లో పెట్టకండి, చెత్తలో వేయకండి. అమ్మినవాళ్లకి తిరిగి ఇవ్వండి. 2022 నుంచి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఉన్నాయి, వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుది.

ఇక ఆ సెల్లార్ సంగతి. బండి లాక్ చేశాక కూడా కొంచెం కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. ఈసీయూ, అలారం, మ్యూజిక్ సిస్టమ్. నా బండి మొదట కొలిచినప్పుడు 28 మిల్లీయాంప్స్ వచ్చింది. చాలా చిన్న అంకె కదా? రోజుకి 0.67 యాంప్ అవర్. నెలకి 20. నా బ్యాటరీ ఎంత? 20. అంటే నిండుగా పెట్టి వెళ్లినా నెల తిరిగేసరికి ఖాళీ. 35 యాంప్ అవర్ పాత బ్యాటరీతో నాకు ఈ విషయం ఎప్పుడూ తెలియలేదు, ఎందుకంటే అది మోసేసింది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూస్తే 19 మిల్లీయాంప్స్ నేను బయట షాపులో పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్‌వి. తీసేశాను. 9 మిగిలింది. నెలకి ఆరున్నర యాంప్ అవర్, ఇది భరించగలదు. అయినా పది రోజులకి మించి తీయనని తెలిస్తే నెగటివ్ విప్పేస్తాను. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్, ఇది మాత్రం ఎప్పుడూ తారుమారు చేయకండి.

పోయిన వారం బండికి జీపీఎస్ ట్రాకర్ ఒకటి పెట్టించాను. అది ఎంత తాగుతుందో నాకింకా తెలియదు. అందుకే ఇవాళ మీటర్ కలిపి వచ్చాను. లోపలికి వచ్చేటప్పుడు దాని మీద 340 మిల్లీయాంప్స్ ఉంది, అప్పటికి కంప్యూటర్లు మెలకువగానే ఉన్నాయి. ఇప్పుడు గడియారం చూస్తే అరగంట దాటింది. పదండి, వెళ్లి చూద్దాం. డోర్ తెరిచే ఉంచాను కాబట్టి ఫ్యూజ్ బాక్స్ అందుతుంది, మీలో ఒకరు కూర్చుని ఫ్యూజులు పీకండి, మిగతావాళ్లు మీటర్ మీద అంకె చదవండి. స్క్రూడ్రైవర్‌తో మూసిన లాచ్ మాత్రం కదపకండి, బండి లేస్తే మళ్లీ అరగంట ఆగాలి.